పోస్టు రాని చలికాలం

"లేదండీ, ఇవాళ కూడా పోస్టు లేదు," అంది మా ఆవిడ వెర్నా ఫోన్లో.

అన్నది అంతే. మాట్లాడుతున్నది కంప్యూటరు భాగాలు అమ్మిన కొట్లో కుర్రాడితో. వంటింట్లో ఏలకుల రొట్టె కాఫీలో ముంచుకుంటున్న మా మామగారు ఆర్వోకు ఆ మాటల్లో కంప్యూటరు వినబడలేదు, పోస్టు ఒక్కటే వినబడింది. జీవితమంతా ఓడలకు ఇనపరేకులు అతికిన మనిషి ఆయన. ఆయన చెవిలోకి ఏ మాటైనా సరే, ఓ కాలు విరగ్గొట్టుకుని గాని వెళ్ళదు. రొట్టెను కప్పులోనే మునగనిచ్చి, బూట్లు తొడుక్కుని, మంచులో పడి నడిచి, పోస్టాఫీసు కిటికీ ముందు నిలబడి, "మా అమ్మాయి పోస్టు ఏం చేశావు డోరీన్?" అన్నారట.

'అట' అని ఎందుకంటున్నానంటే, వెళ్ళినట్టు ఆయన మాకెవరికీ చెప్పలేదు. మా మామగారు రోజుకు వాడే మాటలు గుప్పెడు. అందులో సగం పొయ్యిని తిట్టడానికే సరిపోతాయి. ఆ శనివారం మిగతా సగం డోరీన్ మీద ఖర్చుపెట్టి ఇంటికొచ్చి, మునిగిపోయిన రొట్టె కోసం చెంచాతో కప్పంతా గాలించుకున్నారు.

నా పేరు రూడీ సారెలా. సుపీరియర్ సరస్సు ఒడ్డున కివిలా అనే ఊళ్ళో కౌంటీ వాళ్ళ మంచు తోసే లారీ నడుపుతాను. మంచివాడినో కాదో ఊరు తేల్చాలి గాని, మంచువాడిని మాత్రం నేనే. పెళ్ళయిన దగ్గర్నుంచి మామగారింట్లోనే ఉన్నాను. ఆయన మాట్లాడరు, నేను ఆగను. అందుకే ఇద్దరికీ ఎప్పుడూ తగువు రాలేదు.

తగువల్లా రోడ్డుతోనే. మా వెర్నా దుంగల ఇళ్ళకు బొమ్మలు గీస్తుంది. ఎక్కడ ఏ దుంగ, ఏ దుంగకు ఏ గాడి, అన్నీ తెర మీదే నిలబెట్టి చూపిస్తుంది. ఆ ఆఫీసు గ్రీన్ బేలో ఉంది. ఆదివారం మధ్యాహ్నం కారెక్కితే మళ్ళీ శుక్రవారం సాయంత్రానికే రావడం. ఎండాకాలమైతే నాలుగ్గంటల దారి. చలికాలంలో అది దారి కాదు, దేవుడి దయ. ఊరందరి రోడ్లమీదా మంచు తోస్తాను నేను. నా పెళ్ళాం వచ్చే రోడ్డు మాత్రం నా కౌంటీలో లేదు.

ఆ ఏడు శరత్కాలంలో ఆఫీసువాళ్ళు ఓ దారి చూపించారు. సొంత యంత్రం పెట్టుకుని, దాని మీద ఒక ఇంటి బొమ్మ పూర్తిగా గీసి, ఫిబ్రవరి నెలాఖరు సోమవారానికి పంపిస్తే, ఇక ఇంట్లోనే కూర్చుని పని చేసుకోవచ్చన్నారు. పంపలేకపోతే ఆ అవకాశం ఇంకొకరికి. వెర్నా ఆ మాట చెప్పిన రోజు నేను వంటింట్లో డ్యాన్సు చేశాను. మామగారు కప్పు పట్టుకుని పక్కకు జరిగారు. ఆయన లెక్కలో అది కూడా డ్యాన్సే.

రెడీమేడు యంత్రం వెర్నాకు నచ్చలేదు. "నాకు కావలసినంత మెమరీ వేసిచ్చేవాడు లేడు, నేనే కట్టుకుంటా," అంది. పెట్టెలు వచ్చాయి. క్రిస్మస్ దీపాలు తీసేసిన వారం భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, నడుమ ఆకుపచ్చ పలక పెట్టింది.

"ఇదేంటమ్మా?" అన్నారు మామగారు.

"మదర్ బోర్డు నాన్నా."

ఆయన పలకను చాలాసేపు చూసి, "తల్లి ఇక్కడుంది సరే, తండ్రేడీ?" అన్నారు.

"తండ్రి పక్కన నిలబడి ఉచిత సలహాలిస్తున్నాడు, కనబట్టంలే?" అంది వెర్నా, నాకేసి చూడకుండానే.

అన్నీ బిగించాక బటన్ నొక్కింది. లోపల దీపాలు వెలిగాయి. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. తెర మాత్రం నల్లగా, అమావాస్య నాటి సరస్సులా ఉంది.

"ఫ్యాన్లు వచ్చేశారు, ఈలలు వేసేస్తున్నారు. హీరో ఏడీ?" అన్నాను.

"కాసేపు ఆగాలట. కొట్లో కుర్రాడు చెప్పాడు."

ఆగాం. మా ఇంట్లో 'కాసేపు' అంటే కాఫీ ఒక గుక్క మింగేంత. నేను ఆ గుక్క మింగి, ఆగలేక, బటన్ నొక్కి ఆపేశాను. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆపాను. వెర్నా వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టింది. కేసు మూత పెట్టాం, తీశాం. కేసైతే పెట్టాం గాని తీర్పు మాత్రం రాలేదు. ఆఖరికి, "మదర్ బోర్డు బోర్డు తిప్పేసింది," అన్నాను. ఎవరూ నవ్వలేదు. మామగారు బటన్‌ను బొటనవేలితో ఒకసారి, చూపుడువేలితో ఒకసారి నొక్కి చూశారు. తేడా వేలులో ఉందేమోనని.

ఆదివారం వెళ్తూ వెర్నా ఒకటే చెప్పింది. "నేనొచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకండి."

ముట్టుకోకుండా ఎలా ఉంటాం? అది స్టార్టయితే వెర్నా ఇంటికొస్తుంది. ఆ సంగతి తెలిసినవాడి వేలు ఊరుకుంటుందా? డ్యూటీ దిగి ఇంటికొచ్చి, బూట్లు విప్పకముందే ఒకసారి నొక్కేవాణ్ణి. వెలుగుతుందేమోనని చూసి, వెలక్కపోతే ఆపేవాణ్ణి. అది స్విచ్చి కాదు, పిచ్చి. నేను స్నానానికి వెళ్ళినప్పుడు మామగారు ఓసారి నొక్కి, మూత మీద పానాతో రెండు తగిలించేవారని తర్వాత తెలిసింది. ఓడలు అలాగే లేచేవట.

చాలదన్నట్టు లెస్టర్‌ను పిలిచాను. మా ఊళ్ళో మంచుబళ్ళు బాగుచేసేవాడు లెస్టర్ మానినెన్. చలికి బిగుసుకున్న ఇంజన్లతో ముద్దుగా మాట్లాడి లేపుతాడు. వచ్చి, చెవి ఆనించి విని, "ఇంజను తిరుగుతోంది రూడీ, మంటందుకోవట్లేదు," అన్నాడు. మెమరీ పలకలు పీకి, పెన్సిలు చెరిపే రబ్బరుతో వాటి అంచులు తుడిచి, మళ్ళీ గుచ్చాడు. బోర్డు మీద బిళ్ళంత బ్యాటరీ ఉంటే దాన్నీ తీసి, ఊది, పెట్టాడు. "ఇప్పుడు నొక్కు." నొక్కాం. ఫ్యాన్లు. ఈలలు. నల్లతెర. ఆపేశాం. "వచ్చే వారం ఇంకో రబ్బరు తెస్తా. మా ఆవిడ దగ్గర గులాబీ రంగుది ఉంది."

అలా జనవరి గడిచింది. వెర్నా శుక్రవారం రావడం, శనివారం కొట్టుకు ఫోన్ చేసి "పోస్టు లేదు" అనడం, మామగారు లేచి వెళ్ళి డోరీన్‌ను కడిగి రావడం. సాయంత్రం అందరం సౌనా గదిలో ఆవిరి స్నానం చేయడం, ఆదివారం కారు వెనక ఎర్రదీపాలు మలుపు తిరగడం.

ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం వెర్నా రావలసిన వేళకు రాలేదు. వచ్చేసరికి కోటు ఒకవైపు మోకాలి దాకా తడిసి ఉంది. దారిలో కారు జారి గోతిలోకి దిగిందట. ఎవరో పాల లారీవాళ్ళు తాడు కట్టి లాగారట. పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ, నెమ్మదిగా చెప్పింది.

"రూడీ, రేపు కూడా ఇది లేవకపోతే, నా వల్ల కాదని వాళ్ళకు చెప్పేస్తా. ఇక ఈ రోడ్డు మీద తిరగను. శని, ఆదివారాలు కూడా అక్కడి గదిలోనే ఉండిపోతా. మంచు కరిగాక వస్తా."

మంచు కరగడం అంటే మాకు ఏప్రిల్ నెలాఖరు. నేను లేచి ఆవిడ తడి మేజోళ్ళు తీసి పొయ్యి పక్కన ఆరేశాను.

శనివారం పొద్దుట్నుంచీ బల్ల దగ్గరే ఉన్నాం. మధ్యాహ్నం దాటాక లెస్టర్ వచ్చాడు. చేతిలో గులాబీ రబ్బరు, చంకలో గుడ్డ చుట్టిన పళ్ళెం.

"మా ఆవిడ మాంసం కూరి కాల్చిన పాస్టీలు పంపింది చెల్లెమ్మా. బాధపడకు. నీకున్న పనితనానికి ఇంకోటి దొరకదా?"

"ఇంకోటి ఏంటన్నయ్యా?"

"అదే, పోస్టు పోయిందటగా. ఊరంతా అనుకుంటున్నారు."

వెర్నా నాకేసి చూసింది. నేను లెస్టర్‌కేసి చూశాను. లెస్టర్ పాస్టీలకేసి చూశాడు. "ఉద్యోగం ఎక్కడికీ పోలేదే!" అంది వెర్నా. "పోకపోతే మంచిదే. పాస్టీలు మాత్రం వెనక్కి తీసుకుపోను," అని లెస్టర్ పళ్ళెం దించి, అలవాటు ప్రకారం మెమరీ పలకలు పీకి, తుడిచి, గుచ్చాడు. బ్యాటరీ ఊదాడు. వెర్నా బటన్ నొక్కింది.

సరిగ్గా అప్పుడు వీధి తలుపు దబదబా మోగింది.

డోరీన్ బెసెట్. పోస్టాఫీసు కోటు, మెడలో తాళాల గుత్తి, కనుబొమ్మల మీద మంచు. శనివారం కిటికీ మూసేసి తిన్నగా మా ఇంటికొచ్చింది.

"ఏడీ పెద్దాయన? రండి బయటికి! ప్రతి శనివారం పదిమంది ముందర నన్ను దొంగను చేస్తారా? 'మా అమ్మాయి పోస్టు లేదు, మా అమ్మాయి పోస్టు లేదు!' ఈ ఊళ్ళో నా చేతి మీద పోయిన ఉత్తరం ఒక్కటి చూపించండి! సంచులన్నీ దులిపా, బల్లల కిందికి దూరి వెతికా. ఇప్పుడు నా నడుం పట్టేసింది!"

మామగారు అప్పుడే గదిలోంచి వచ్చారు. ఒంటి మీద పొడుగు లోదుస్తులు, భుజాన తువ్వాలు. బయట సరస్సు ఒడ్డున సౌనా గది గొట్టంలోంచి పొగ నిటారుగా లేస్తోంది. పొగ లేచాక ఆ ఇంట్లో ఎవరూ పని ముట్టుకోకూడదు, అది ఆయన శాసనం. ఇంకో శాసనం కూడా ఉంది. సౌనా కాగిన వేళ గుమ్మంలోకి వచ్చినవాళ్ళను, శత్రువైనా సరే, స్నానం చేయించకుండా పంపకూడదు. ఆయన ఆ రెండో శాసనానికి కట్టుబడి, డోరీన్‌ను ఎగాదిగా చూసి, "తువ్వాలు ఇవ్వవే అమ్మాయికి," అన్నారు.

"నాకు తువ్వాలొద్దు, సమాధానం కావాలి!"

"నడుం పట్టిందన్నావుగా," అని ఆయన తలుపు తీసి నడిచారు. డోరీన్ తిడుతూ వెనకే నడిచింది.

ప్రతి శనివారం సౌనాకు వెళ్ళేముందు మామగారు ఇల్లంతా ఒక చుట్టు తిరుగుతారు. దీపం, రేడియో, కాఫీ పాత్ర, గోడ ప్లగ్గుల్లో పెట్టినవన్నీ ఊడబెరుకుతారు. కంప్యూటరునూ అన్ని శనివారాలూ అలాగే పీకారు. ఆ రోజు వెనకాల డోరీన్ ఉండడంతో ఆ చుట్టు తిరగలేదు.

అందరూ బయటికి నడిచాక నేను బల్లకేసి చూశాను. లోపల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, తెర నల్లగానే ఉంది. నా వేలు తనంతట తనే బటన్ దగ్గరికి వెళ్ళింది.

"వదిలెయ్ రూడీ," అంది వెర్నా గుమ్మంలోంచి.

"మీ నాన్న చూస్తే..."

"వదిలెయ్. ఇక చాలు."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే వేలు వెనక్కి తీసుకున్నాను.

ముందు మగవాళ్ళం. పై మెట్టు మీద మామగారు, మధ్యలో నేను, కింద లెస్టర్. ఆడవాళ్ళు సౌనా ముందు గదిలో చిన్న పొయ్యి దగ్గర కాఫీ పెట్టుకుని వంతు కోసం కూర్చున్నారు. డోరీన్ గొంతు గోడలోంచి వస్తూనే ఉంది. మామగారు రాళ్ళ మీద దోసెడు నీళ్ళు చల్లారు. బుస్సుమంటూ ఆవిరి లేచి చెవులు కొరికింది. అందులో డోరీన్ గొంతు కూడా కరిగిపోయింది.

మామూలుగా సౌనాలో మౌనం పాటించనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆ వేళ పాటించాను. ఏప్రిల్ దాకా ఎన్ని శనివారాలు ఇలా ఇద్దరు మగాళ్ళ మధ్య కూర్చోవాలో అనుకుంటుంటే మాట రాలేదు. కొంచెంసేపయ్యాక మామగారు కళ్ళు తెరవకుండానే అన్నారు:

"అల్లుడూ, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది మామయ్యా."

"మరి మాట్లాడు. భయమేస్తోంది."

మేము బయటికొచ్చి మంచులో పొర్లి, ముందు గదిలో చేరాం. ఆడవాళ్ళు లోపలికెళ్ళారు. మొదట డోరీన్ గొంతు, తర్వాత నీళ్ళ బుస్సు. కాసేపటికి, నిజం కాసేపటికి, లోపల్నుంచి నవ్వు వినబడింది. వెర్నా నవ్వు. ఆ చలికాలం మొదలయ్యాక అదే మొదటిది. గోడకు చెవి ఆనించాను.

"కుళ్ళబొడిచేస్తా, చెవి తియ్," అన్నాడు లెస్టర్. "ఆడవాళ్ళ సౌనా."

"నా పెళ్ళాం నవ్వు నేను వినకూడదా?"

"వినొచ్చు. డోరీన్‌ది వినకూడదు. నన్ను సాక్షిగా పిలుస్తుంది."

అందరం కలిసి ఇంటికి నడిచేసరికి పొద్దు వాలింది. వెచ్చటి ఒంటి మీద మంచు రాలుతోంది. మామగారు ముందు నడుస్తూ టక్కున ఆగిపోయారు.

"దీపం ఎవరు వదిలేశారు?"

భోజనాల గది కిటికీలో వెలుతురు. పసుపు పచ్చటి దీపం వెలుతురు కాదు. నీలంగా, సరస్సు మంచు పొరలోంచి ఎండ దూరినప్పటిలా ఉంది.

ఎవరమూ పరిగెత్తలేదు. ఎందుకో మరి, దొంగల్లా మునివేళ్ళ మీద నడిచి గుమ్మంలో నిలబడ్డాం. తెర వెలిగి ఉంది. మీద బోర్డు పేరు, దాని కింద గడియారం, ఇంకేవో అంకెలు. మూలన చిన్న గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నట్టు ఉంది. లెస్టర్ టోపీ తీసేశాడు.

"ఎవరూ ముట్టుకోకండి," అంది వెర్నా గుసగుసగా. ఈసారి ఎవరమూ ముట్టుకోలేదు.

తలకు తువ్వాలు చుట్టుకునే కుర్చీలో కూర్చుని, తెర చదివి, ఒళ్ళు కదిలేట్టు నవ్వింది. "ఓరి దేవుడా! ఇది చెడిపోలేదు. చదువుకుంటోంది. నేను వేసింది చాలా మెమరీ కదా, మొదటిసారి లేచినప్పుడు దాన్నంతటినీ బోర్డు పరిచయం చేసుకోవాలి. తెర చీకటిగానే ఉంటుంది, అందుకు చాలాసేపు పడుతుంది. మధ్యలో ఆపినా, పలకలు పీకినా, బ్యాటరీ తీసినా మళ్ళీ మొదట్నుంచి మొదలు. కుర్రాడు కాసేపంటే నేనూ కాసేపే అనుకున్నా."

"అంటే?" అన్నాడు లెస్టర్ గులాబీ రబ్బరును జేబులోకి తోస్తూ.

"అంటే నెలన్నర నుంచీ అది ఓనమాలు దిద్దుకుంటుంటే, మనం వంతులేసుకుని పలక లాక్కున్నాం. ఇవాళ మనం సౌనాలో ఉండగా తీరిగ్గా దిద్దుకుంది."

ఇంకా చేయాల్సింది చాలా ఉంది. ఆ రాత్రీ మర్నాడూ వెర్నా దాని దగ్గర్నుంచి లేవలేదు. బొమ్మ సోమవారానికి వెళ్ళింది, మంగళవారానికి 'సరే' అని కబురొచ్చింది. ఆవిడ కారు మంచు కింద మెత్తగా పడుకుని, కరిగేదాకా కదల్లేదు. నేను రోడ్లన్నీ తోశాను గాని, మా వాకిట్లో ఆ కారు చుట్టూ మంచు మాత్రం ఆ ఏడు తోయలేదు. కావాలనే.

ఆ సాయంత్రం మాత్రం పాస్టీలు వేడి చేసుకుని, ఆ తెరను బల్ల చివరన కూర్చోబెట్టుకుని, అందరం దాని చుట్టూ తిన్నాం. డోరీన్ నడుం విడిచింది గాని పట్టు విడవలేదు.

"కంప్యూటరు లేచింది, సంతోషం. మరి నా సంగతి? సౌనాలో నాకు చెప్పింది ఇప్పుడు అందరి ముందూ చెప్పు అమ్మాయ్. ముఖ్యంగా ఆ పెద్దాయన ముందు. గట్టిగా."

వెర్నా తండ్రి వైపు తిరిగి, చెవి దగ్గర గట్టిగా చెప్పింది. "నాన్నా! నేనన్న పోస్టు ఉత్తరాల పోస్టు కాదు. లెస్టరన్నయ్యా, ఉద్యోగం పోస్టూ కాదు. కంప్యూటరుకు ఊపిరి అందగానే ముందు తన ఒళ్ళు తానే తడుముకుంటుంది. మెదడుందా, జ్ఞాపకం ఉందా, కళ్ళున్నాయా అని. అన్నీ ఉంటేనే కళ్ళు తెరుస్తుంది. ఆ తడుముకోవడాన్ని ఈ పనివాళ్ళు పోస్ట్ అంటారు. అది కాలేదని నేనంటే, నువ్వెళ్ళి డోరీన్ మీద అరిచావు. కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళు అది విని, నా ఉద్యోగం ఊడిందనుకున్నారు."

లెస్టర్ నోటిదాకా తెచ్చిన పాస్టీ ముక్కను మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు. "మా ఆవిడ ఏడ్చింది కూడా," అన్నాడు. డోరీన్ చేతులు కట్టుకుని మామగారికేసి చూస్తోంది. నేను నోరు తెరిచాను. వెర్నా బల్ల కింద నా కాలు తొక్కింది.

మామగారు చాలాసేపు మాట్లాడలేదు. ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఎవరమూ ఆయన్ను తొందరపెట్టలేదు. ఆ వేళకు మేమంతా ఆ మాత్రం నేర్చుకున్నాం. ఆఖరికి ఆయన లేచి, డోరీన్ కప్పు నిండా కాఫీ పోసి, పెద్ద రొట్టె ముక్క ఆమె ముందుకు జరిపారు. తర్వాత మా అందరి వైపూ తిరిగారు.

"పొద్దున లేవగానే నేనూ అంతే. మోకాళ్ళున్నాయా, నడుముందా, ఇవాళ ఏ వారం అని తడుముకుంటా. నాకూ టైము పడుతుంది. కళ్ళు తెరవలేదని మీరు ప్రతి పొద్దునా తలుపు బాదుతారు. మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాల్సొస్తుంది." కూర్చుని, కప్పు ఎత్తారు. "రేపట్నుంచి బాదకండి. నాకు పోస్టు అవుతూ ఉంటుంది."